350 సీసీ క్రూయిజర్ హైవే మీద ఏడుస్తుందా?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. రాజమహేంద్రవరంలో హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. చాలాకాలంగా 125 సీసీ బండి నడుపుతున్నాను. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో చేరారు. ఇక సెలవుల్లో నేనూ నా భార్యా బండి మీద మారేడుమిల్లి, అరకు, విశాఖ వైపు తిరిగి రావాలని అనుకుంటున్నాం. కాళ్ళు ముందుకు చాపి నడిపే క్రూయిజర్ బండి మీద మనసు పడింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 చూసి వచ్చాను. డాలస్‌లో ఉండే మా బావమరిది మాత్రం ‘350 సీసీ అంటే పిల్లల బండి బావా, హైవే ఎక్కితే ఏడుస్తుంది. కొంటే 650 కొను, లేదంటే ఊరుకో’ అంటున్నాడు. మా స్కూల్లో ఒకాయనది ఇంకో మాట. బజాజ్ అవెంజర్ 220లోనూ దాదాపు అంతే శక్తి ఉంది, బరువు తక్కువ, అది చాలంటారు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. మా ఇద్దరి బరువూ కలిపి 140 కిలోలు ఉంటుంది. ఏం చేయమంటారు? ఇంకొకటి: సైలెన్సర్ మారిస్తే పికప్ పెరుగుతుందంటారు, నిజమేనా?

జవాబు: మీటియరే కొనుక్కోండి. అది మిమ్మల్ని ఇబ్బంది పెట్టే చోటు ఒకటుంది. దాని సంగతి కూడా దాచకుండా చెబుతాను.

మీ బావమరిదిని తప్పు పట్టలేను. ఆయన ఉన్న చోట ఆ మాట నిజం. టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర నుంచి శాన్ ఆంటోనియో వైపు వెళ్ళే 130వ నంబరు రాష్ట్ర రహదారిలో కొంత భాగం మీద వేగ పరిమితి గంటకు 85 మైళ్ళు, అంటే 137 కిలోమీటర్లు. అమెరికా మొత్తంలో అదే అత్యధికం. మీటియర్ యాక్సిలరేటర్‌ను చివరిదాకా తిప్పి పట్టుకున్నా ముల్లు 115, 120 దగ్గర ఆగిపోతుంది. చుట్టూ ఉన్న వాహనాలన్నీ నిబంధన ప్రకారమే వెళుతున్నా వాటి వేగాన్ని అందుకోలేక, వెనక నుంచి ముంచుకొచ్చే భారీ ట్రక్కులకు అడ్డంగా ఉండిపోయే బండి నిజంగానే ప్రమాదం. అలాంటి రోడ్ల మీద తిరిగేవాళ్ళు 300 సీసీ క్రూయిజర్‌ను నేర్చుకునే బండిగా చూస్తారంటే వింత లేదు. అదే కళ్ళతో ఆయన మన కోరుకొండ రోడ్డును కూడా చూస్తున్నారు. చిక్కంతా అక్కడే.

మన దగ్గర లెక్క వేరు. 2018లో కేంద్రం ప్రకటించిన పరిమితుల ప్రకారం మోటార్‌సైకిళ్ళకు ఎక్స్‌ప్రెస్‌వే మీదైనా, నాలుగు వరసల హైవే మీదైనా గంటకు 80 కిలోమీటర్లు, మిగతా రోడ్ల మీద 60. దాన్ని ఎంతమంది పాటిస్తున్నారని అడక్కండి. కానీ 16వ నంబరు జాతీయ రహదారి మీద అన్నవరం, తుని మీదుగా విశాఖకు వెళ్ళేటప్పుడు మీకు ఎదురయ్యేవి ఒకసారి తలుచుకోండి. డివైడర్ చుట్టూ తిరిగి రావడం ఎందుకని రాంగ్ రూటులో వచ్చే ట్రాక్టర్, సందు చూసుకుని రోడ్డు దాటే గేదెల మంద, సర్వీసు రోడ్డులోంచి వెనక్కి చూడకుండా ఎక్కేసే ఆటో. ఈ దారిలో వెనక భార్యను కూర్చోబెట్టుకుని 80, 85 దాటి నడపాలని నాకైతే అనిపించదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదైతే దూసుకుపోవచ్చు కదా అంటారేమో, అక్కడికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు.

ఇక సీసీ సంగతి. ఇది సిలిండర్ లోపలి జాగా కొలత. ఆ జాగాలోంచి ఎంత శక్తి రాబట్టాలనేది ఇంజిన్‌ను రూపొందించేవాళ్ళ ఇష్టం. కవాసాకి ఎలిమినేటర్ 451 సీసీతో 45 హార్స్‌పవర్ ఇస్తుంది. మీ బావమరిది కొనమంటున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 648 సీసీతో ఇచ్చేది 47. సీసీలో దాదాపు రెండు వందల తేడా, శక్తిలో రెండే. 1957లో హార్లే డేవిడ్‌సన్ స్పోర్ట్‌స్టర్ 883 సీసీ ఇంజిన్‌తో వచ్చినప్పుడు దాని శక్తి సుమారు 40 హార్స్‌పవర్. ఈ మధ్య ట్రయంఫ్ స్పీడ్ 400 తన 398 సీసీలోంచి అంతే ఇచ్చింది. సీసీ చూసి బండి సత్తా తేల్చడం బీరువా సైజు చూసి లోపల బంగారం ఎంతుందో చెప్పడం లాంటిది. ‘ఎన్ని సీసీ’ అని అడిగేవాళ్ళకు అంకె చెప్పి ఊరుకోండి. మీ దారిలో మీ బండికి ఎంత శక్తి కావాలి, అది ఎక్కడ ఖర్చవుతుంది అన్నదే మనం చూసుకోవలసింది.

మీటియర్ శక్తి 20.2 హార్స్‌పవర్. సమంగా ఉన్న రోడ్డు మీద నిలకడగా వెళ్ళేటప్పుడు ఇందులో ఖర్చయ్యేదాంట్లో ఎక్కువ భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే సరిపోతుంది. క్రూయిజర్ మీద నిటారుగా, కాళ్ళు ముందుకు చాపి, ఛాతీ విరుచుకుని కూర్చుంటాం కాబట్టి గాలికి మరింత అడ్డం పడతాం. పైగా ఇందులో ఒక మెలిక ఉంది. వేగం రెట్టింపు అయితే గాలిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మీ ఇద్దరినీ ఒక సంచినీ కలుపుకుని నేను ఉజ్జాయింపుగా వేసిన లెక్క ఇది. 80 దగ్గర నిలకడగా వెళ్ళడానికి ఇంజిన్ 8, 9 హార్స్‌పవర్ ఇస్తే చాలు. 100 దగ్గర 15, 16 కావాలి. 115 దాటేసరికి ఉన్న ఇరవై హారతి కర్పూరమే. అంటే 80 మీద వెళుతున్నప్పుడు సగానికి పైగా శక్తి ఇంకా చేతిలోనే ఉంటుంది. 100 దగ్గర పావు వంతు మిగులుతుంది. మీ బావమరిది చెప్పిన ఏడుపు మొదలయ్యేది అక్కడే. మీరు అక్కడికి వెళ్ళవలసిన పని లేదు.

‘ఎన్‌ఫీల్డ్ బండి 80 దాటితే అద్దాల్లో ఏమీ కనపడదు, చేతులు తిమ్మిరెక్కుతాయి’ అని మీ చెవిన పడే ఉంటుంది. అది పాత ఇంజిన్ల కాలం నాటి మాట, అప్పట్లో నిజమే. 2020 నవంబరులో మీటియర్‌తో వచ్చింది పూర్తిగా కొత్త ఇంజిన్. పాత 346 సీసీ ఇంజిన్‌లో లేని బ్యాలెన్సర్ షాఫ్ట్ ఇందులో ఉంది. పిస్టన్ ఎగిరి పడేటప్పుడు పుట్టే అదురును అది చాలావరకు మింగేస్తుంది. అసలు ఆ అదిరే బుల్లెట్, అంతకు ముందరి పోత ఇనుప ఇంజిన్‌తో వచ్చినప్పుడు దాని శక్తి 18 హార్స్‌పవర్. దాని మీదే సైన్యం, పోలీసులు, గోదావరి జిల్లాల మోతుబరి రైతులు దశాబ్దాల పాటు తిరిగారు. శక్తి చాలలేదని ఎవరూ అనలేదు. ‘గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఏమిటయ్యా’ అని మాత్రం విసుక్కున్నారు.

ఘాట్ రోడ్డు మీద ఏమవుతుందోనన్న బెంగ మీ ఉత్తరంలో నేరుగా లేకపోయినా మారేడుమిల్లి, అరకు పేర్లు రాశారు కాబట్టి ఉండే ఉంటుంది. ఘాట్‌లో వేగం తక్కువ కాబట్టి గాలి బాధ ఉండదు. బరువును పైకి ఎత్తడమే పని. నూరు మీటర్లకు ఏడు మీటర్లు ఎక్కే వాలు మీద, మీ ఇద్దరితో, 40 వేగంతో వెళ్ళడానికి 6, 7 హార్స్‌పవర్ సరిపోతుంది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు అడవిలోకి ఎక్కినా, శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా గాలికొండకు ఎక్కినా అంతకు మించి అడిగే సందర్భాలు తక్కువ. మీ 125 సీసీ బండికి చాలనిది ఇక్కడే. దాని దగ్గర ఉన్నదాంట్లో చాలా భాగం ఘాటే తినేస్తుంది. మీటియర్‌కు ఇంకా మిగులుతుంది.

అయినా ఘాట్‌లో బండి ఆగిపోయి నవ్వులపాలైనవాళ్ళు ఉన్నారు. అది గేరు తప్పే కానీ ఇంజిన్ తప్పు కాదు. ఎక్కడ జరుగుతుందో చెబుతాను. ముందు ఆర్టీసీ బస్సు. హెయిర్‌పిన్ మలుపులో అది దాదాపు ఆగినంత పని చేసి, ఒళ్ళంతా తిప్పుకుని, పొగ వదిలి మళ్ళీ కదులుతుంది. దాని వెనక మీరు మూడో గేరులో ఉంటారు. వేగం 15కు పడిపోతుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ దడదడలాడుతుంది తప్ప బండి ముందుకు రాదు. కంగారులో క్లచ్ సగం పట్టి నడిపిస్తారు. అలా రెండు మూడు మలుపులు నడిపితే క్లచ్ ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. మలుపులోకి దిగకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే రెండో గేరుకు, అవసరమైతే మొదటి గేరుకు రండి. బస్సుకు మూడు నాలుగు బండ్ల దూరం వెనకే ఉండండి. అది మలుపు తిరిగాక మీరు ఆగకుండా ఒకే ఊపులో తిరగవచ్చు. దిగేటప్పుడు కూడా ఏ గేరులో ఎక్కారో దాదాపు ఆ గేరులోనే దిగండి. 350 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్ గేరులో ఉంటే బండిని తనే పట్టి ఆపుతుంది. న్యూట్రల్ చేసి పెట్రోలు మిగుల్చుకునే తెలివి ఘాట్‌లో పనికిరాదు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. రెండు వరసల రోడ్డు మీద, వెనక మనిషితో, లారీని దాటడం. అక్కడే 20 హార్స్‌పవర్ తక్కువనిపిస్తుంది.

గోకవరం మీదుగా రంపచోడవరం వెళుతున్నారనుకోండి. ముందు ఇసుక లారీ 50 వేగంతో పోతోంది. మీరు దాని వెనక అదే వేగంలో ఉన్నారు. పక్కకు వచ్చి, 70కి చేరి, లారీని దాటి, మళ్ళీ మీ వైపుకు రావాలి. 50 నుంచి 70 అందుకోవడానికి మీటియర్‌కు ఇద్దరితో దాదాపు ఐదు సెకన్లు పడుతుంది. లారీ పొడవును దాటి తగినంత ముందుకు వచ్చి సర్దుకునేసరికి ఇంకో ఐదు. పది సెకన్లలో మీరు 180 మీటర్ల దాకా వెళతారు. అదే సమయంలో ఎదురుగా 70 మీద వచ్చే బస్సు ఇంకో 195 మీటర్లు మీ వైపు వస్తుంది. అంటే మీరు పక్కకు తప్పుకునే క్షణానికి ముందు రోడ్డు కనీసం 400 మీటర్లు ఖాళీగా కనపడాలి, పైన కొంత జాగ్రత్త కూడా కలుపుకోవాలి. మన కంటికి 400 మీటర్లు అంటే చాలా దూరం. 200 కనపడగానే ‘పోవచ్చులే’ అనిపిస్తుంది. మనుషులు పోయేది ఆ ‘లే’ దగ్గరే.

అదే 650 అయితే ఈ పది సెకన్లు ఏడో ఎనిమిదో అవుతాయి. తేడా రెండు మూడు సెకన్లు, రోడ్డు కొలతలో సుమారు నూరు మీటర్లు. చిన్నదేమీ కాదు. డబ్బు పోసి కొనుక్కోదగిన సౌకర్యమే. కానీ ఆ నూరు మీటర్లను ఓపికతో కూడా సంపాదించవచ్చు. లారీ తోకకు అంటుకుని వెళ్ళకండి. అంటుకుంటే ముందు రోడ్డూ కనపడదు, వేగం పెంచుకోవడానికి చోటూ ఉండదు. ముప్ఫై మీటర్లు వెనక ఉండండి. ముందు ఖాళీ కనపడగానే నాలుగు నుంచి మూడో గేరుకు దించి, మీ వరసలోనే ఉండి వేగం పెంచడం మొదలుపెట్టండి. లారీని సమీపించేసరికి 65 మీద ఉంటారు. అప్పటికీ రోడ్డు ఖాళీగానే ఉంటే దాటండి. లేదా, చేతిని కాస్త వెనక్కి తిప్పి మళ్ళీ వెనకే ఉండిపోండి, ఎవరూ ఏమీ అనరు. ఐదో గేరులోనే ఉండి యాక్సిలరేటర్ తిప్పేసి ‘పికప్ లేదు’ అనుకునేవాళ్ళే ఎక్కువ. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం మీటరు ఈ బండికి లేదు. చెవి మీదే ఆధారపడాలి. ఇంజిన్ శబ్దం లోతుగా, ఒక్కో దెబ్బ విడివిడిగా వినపడుతోందంటే లాగడానికి సిద్ధంగా లేదని అర్థం. గేరు దించాక దెబ్బలన్నీ కలిసిపోయి ఒకే మోత అయితే అప్పుడు సిద్ధం.

ఇక మీ సహోద్యోగి సలహా. ఆయన చెప్పిన అంకెల్లో తప్పు లేదు. అవెంజర్ 220 శక్తి 19 హార్స్‌పవర్, బరువు 163 కిలోలు. మీటియర్ బరువు 191. కిలోకు ఎంత శక్తి అని చూస్తే అవెంజరే కొంచెం పైన ఉంటుంది. అయితే ఆ 19 హార్స్‌పవర్ వచ్చేది ఇంజిన్ నిమిషానికి 8500 సార్లు తిరిగినప్పుడు. మీటియర్ తన 20ని 6100 దగ్గరే ఇస్తుంది. అవెంజర్ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 17.5 న్యూటన్ మీటర్లు, అదీ 7000 దగ్గర. మీటియర్‌ది 27, 4000 దగ్గర. వెనక చక్రానికి చేరే లాగుడు గేర్లను బట్టి మారుతుంది కాబట్టి ఈ అంకెల మధ్య ఉన్నంత దూరం రోడ్డు మీద ఉండదు. తేడా మీరు చేయవలసిన చాకిరీలో ఉంటుంది. ఒక్కరే వెళితే అవెంజర్ చాలా చక్కని బండి. సీటు 737 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, ఊళ్ళో సులువుగా తిరుగుతుంది. ఇద్దరితో ఘాట్ ఎక్కితే మాత్రం ఇంజిన్‌ను ఎప్పుడూ పై మోతలోనే ఉంచాలి, గేర్లు ఊరికే మారుస్తూనే ఉండాలి. గంటల తరబడి అలా నడపడం కోసమైతే క్రూయిజర్ కొనడం ఎందుకు? అవెంజర్ మీద నాకు గౌరవం ఉంది, ఆ మాట కూడా చెప్పాలి. 2005లో 180 సీసీతో వచ్చిన ఆ బండి, అంతకు ముందు వచ్చిన కవాసాకి బజాజ్ ఎలిమినేటర్, యమహా ఎంటైసర్ లాంటివి లేకపోతే మన మధ్యతరగతికి కాళ్ళు చాపి బండి నడిపే సుఖం తెలిసేది కాదు.

బ్రేకుల సంగతి చూసినా నా మొగ్గు మీటియర్ వైపే. ఇద్దరితో నిండిన బండిని ఆపడం, కదిలించడం కన్నా పెద్ద పని. మీటియర్‌కు రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, రెంటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నాయి. అవెంజర్ వెనక చక్రానికి డ్రమ్ బ్రేకే, ఏబీఎస్ ముందు చక్రానికే. శక్తి గురించి గంటలు వాదించుకునేవాళ్ళు దీని గురించి నోరెత్తరు, నాకు అది ఎప్పుడూ అర్థం కాదు.

650 వద్దనడానికి డబ్బు ఒక కారణం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. కానీ మీకు డబ్బు కన్నా పెద్ద అడ్డంకి బరువు. సూపర్ మీటియర్ 241 కిలోలు. నడిచేటప్పుడు ఆ బరువు తెలియదు. ఇంటి ముందు వాలులో నిలిపిన బండిని వెనక్కి లాగేటప్పుడు, అరకులో హోటల్ ముందు గులకరాళ్ళ మీద తిప్పేటప్పుడు, పెట్రోలు బంకులో క్యూ కదిలినప్పుడల్లా కాళ్ళతో తోసుకునేటప్పుడు తెలుస్తుంది. 125 నుంచి నేరుగా అక్కడికి ఎగబాకడం ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి మంచిది కాదు. పైగా దాని కింద నేలకు ఉన్న ఎడం 135 మిల్లీమీటర్లే. మీటియర్‌కు 170. మన ఊళ్ళలో ఎవరికి వారు సిమెంటుతో కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లు మీకు తెలియనివి కావు. ఇద్దరు కూర్చున్న 650 వాటి మీదుగా వెళితే కింద గీరుకుంటుందేమోనని ప్రతిసారీ గుండె జారుతుంది. ఎండాకాలం రాజమహేంద్రవరంలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రెండు సిలిండర్ల వేడి తొడలకు కొట్టడం మరొకటి. మీరు ప్రతి వారం చెన్నైకో బెంగళూరుకో హైవే మీద పోయి వచ్చేవారైతే ఇదంతా పక్కన పెట్టి 650 కొనమనేవాణ్ణే. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనపడలేదు.

ఇక అడ్వాన్సు ఇచ్చే ముందు చేయవలసిన పని. టెస్ట్ రైడ్‌కు మీ శ్రీమతిని తప్పకుండా తీసుకువెళ్ళండి. షోరూము చుట్టూ ఒక చక్కరు కొట్టిస్తామంటారు, ఒప్పుకోకండి. గోదావరి మీద నాలుగో వంతెన దాకా వెళ్ళివస్తామని అడగండి. అక్కడ నదిమీది గాలి పక్క నుంచి తోస్తుంది. క్రూయిజర్ ఆ గాలికి ఎలా ఉంటుందో మీకు తెలియాలి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో గేరులో 60 నుంచి 80కి చేరండి. వెనక ఆమెను మనసులో అంకెలు లెక్కపెట్టమనండి. ఎన్ని వచ్చినా సరే, ఆ అంకె మీకు గుర్తుండాలి. రేపు లారీ వెనక ఉన్నప్పుడు చేతిలో ఉండే సమాచారం అదే. ఆ తరువాత ఆమెను నడుము గురించి అడగండి. క్రూయిజర్లలో ముందు కూర్చున్నవారికి సోఫా, వెనక కూర్చున్నవారికి స్టూలు. ఇది చాలా కంపెనీల బండ్లకు వర్తిస్తుంది. వెనక సస్పెన్షన్ కదలిక తక్కువ కావడం వల్ల గుంత పడినప్పుడల్లా దెబ్బ వెన్నుపూసకు తగులుతుంది. మీటియర్ వెనక షాకబ్జార్బర్లను ఆరు మెట్లలో బిగించుకోవచ్చు. ఇద్దరు ఎక్కేటప్పుడు ఎన్నో మెట్టు పెట్టాలో షోరూములోనే అడిగి పెట్టించుకోండి. ఆ పని చేసే కొక్కెం పానా ఎలా పట్టాలో కూడా నేర్చుకోండి. టైర్లలో గాలి కూడా ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఒక లెక్క. బండితో వచ్చే పుస్తకంలో రెండూ ఉంటాయి. గాలి తక్కువైన టైరు పికప్‌ను ఎంత తింటుందో తెలియక ఇంజిన్‌ను తిట్టేవాళ్ళను చూశాను. మీ శ్రీమతికి వెనక సీటు నచ్చకపోతే ఆనుకొని కూర్చునే బ్యాక్ రెస్ట్ పెట్టించి ఇంకోసారి కూర్చోబెట్టండి. అప్పటికీ నచ్చకపోతే హోండా హైనెస్ సీబీ 350 కూడా చూడండి. అది క్రూయిజర్ అనిపించుకోదు కానీ 21 హార్స్‌పవర్, 30 న్యూటన్ మీటర్లు, 181 కిలోలు. శక్తి విషయంలో ఇప్పటిదాకా చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది.

బండి వచ్చాక ఒకేసారి అరకు పెట్టుకోకండి. మొదటి సర్వీసింగ్ అయ్యేదాకా ఇంజిన్‌ను పుస్తకంలో చెప్పిన వేగం దాటించవద్దు. ఆ కిలోమీటర్లను ద్వారపూడి, కడియం నర్సరీల వైపు తిరిగి పూర్తి చేయండి. కొత్త బరువు, కొత్త పొడవు కాళ్ళకు అలవాటు కావడానికి ఆ రోడ్లు బాగుంటాయి. తరువాత మారేడుమిల్లి. అరకు మూడోది.

సైలెన్సర్ మారిస్తే పికప్ పెరగదు, శబ్దం పెరుగుతుంది. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది, అమ్మేవాళ్ళ వ్యాపారం దాని మీదే నడుస్తోంది. ఈ ఇంజిన్‌కు పెట్రోలు ఎంత పంపాలో నిర్ణయించే కంప్యూటర్, కంపెనీ అమర్చిన సైలెన్సర్‌ను దృష్టిలో పెట్టుకునే లెక్కలు వేస్తుంది. పొగ పోయే దారి మార్చి ఆ లెక్కను మార్చకపోతే కొన్నిసార్లు ఉన్న లాగుడు కూడా తగ్గుతుంది. వారంటీ దగ్గర పేచీ వస్తుంది. పోలీసులు పట్టుకుంటే జరిమానా, సైలెన్సర్ జప్తు. జప్తు చేసినవాటిని వరసగా రోడ్డు మీద పేర్చి రోలరుతో తొక్కించిన ఫొటోలు పేపర్లలో మీరూ చూసే ఉంటారు. ఆ డబ్బుతో మీ ఇద్దరికీ ముఖమంతా కప్పే మంచి హెల్మెట్లు కొనండి. ఆమెది మీ దానికన్నా తక్కువ రకం కాకుండా చూడండి.